గ్లైడర్‌కు ఈడీఎఫ్ కొనే ముందు కాటా కొను

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చేత్తో విసిరే ఫోమ్ గ్లైడర్ ఒకటి కొన్నావు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 99 సెంటీమీటర్లు. దాని వీపు మీద 64 మి.మీ. ఈడీఎఫ్, అంటే గొట్టంలో తిరిగే ఆ చిన్న కరెంటు ఫ్యాన్ పెట్టి, 4ఎస్ (నాలుగు సెల్లుల) బ్యాటరీతో జెట్‌లా ఎగరేయాలని ఉంది. ప్రొపెల్లర్ ట్రైనర్ ఇదివరకే నడిపావు కాబట్టి ట్రాన్స్‌మిటర్ నీకు కొత్త కాదు. ఉండేది కడపలో. 64 చాలుతుందా, 70కి పోవాలా అని అడిగావు.

చాలకపోవడం సంగతి అటుంచు, ఆ గ్లైడర్‌కు 64 ఎక్కువ. 50 మి.మీ. ఫ్యాన్, 3ఎస్ బ్యాటరీ సరిపోతాయి. నేను అనంతపురంలో ఇదే సైజు గ్లైడర్లు మూడింటిని మార్చాను. మొదటిది నేలపాలైంది. రెండోది ఎగిరింది గానీ గాల్లో ఉన్నంతసేపూ నాకు టెన్షనే. మూడోది ఇప్పటికీ ఎగురుతోంది. ఈ మూడింటికీ మధ్య నేను కొన్న వస్తువుల్లో పనికొచ్చింది ఒక్కటే, వంటింట్లో పెట్టుకునే డిజిటల్ కాటా.

మొదటిదాని కథ చెప్తాను, ఎందుకంటే నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నావు. పెద్ద ఫ్యాన్ ఐతే థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఎక్కువ, థ్రస్ట్ ఉంటే బరువుతో పనేముంది అనుకున్నా. 64 ఫ్యాన్, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), 4ఎస్ 2200 ఎంఏహెచ్ బ్యాటరీ. తూచలేదు. ఊరి బయట శెనక్కాయ పీకేసిన చేలోకి తీసుకెళ్తే మా మేనల్లుడు విసిరాడు. ఫ్యాన్ కూత మాత్రం అదిరిపోయింది. విమానం వాడి చేతిలోంచి వెళ్లీ వెళ్లగానే కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను భయపడి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) లాగాను, ఎడమ రెక్క వాలింది, పదిహేను అడుగుల అవతల నేలను కొట్టుకుంది. అంతటితో ఐపోయినా బాగుండేది. కంగారులో థ్రాటిల్ కిందికి లాగడం మర్చిపోయాను. బోర్లా పడిన ఫ్యాన్ ఎండాకూ ఎర్రమట్టీ కలిపి పీల్చుకుంది. పన్నెండు బ్లేడ్లలో నాలుగు లేవు. ఇంటికొచ్చాక ముక్కలన్నీ ఏరి కాటా మీద పెడితే 690 గ్రాములు.

ఇప్పుడు లెక్క చూడు. 99 సెంటీమీటర్ల రెక్క, సగటు వెడల్పు 14. అంటే దాదాపు 13.9 చదరపు డెసిమీటర్లు. ముక్కులో ఉన్న ఇనుప ముక్క తీసేశాక నా గ్లైడర్ బరువు 172 గ్రాములు. ఆ బరువుకు అది సెకనుకు 5 మీటర్ల వేగంలో కూడా తేలుతుంది, అందుకే పిల్లలు విసిరినా సాఫీగా పోతుంది. 690 గ్రాములైతే చదరపు డెసిమీటరుకు 50 గ్రాములు పడుతుంది, స్టాల్ వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం, గంటకు 36 కిలోమీటర్ల దగ్గరికి వెళ్తుంది. మనిషి నిలబడి చేత్తో విసిరితే వచ్చే వేగం దాదాపు అంతే. ఇక మిగులు ఎక్కడుంది? వేగం బరువుతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గమూలం లెక్కన పెరుగుతుంది, కాబట్టి బరువు నాలుగింతలైతే వేగం రెండింతలే. వినడానికి ఊరటగానే ఉంటుంది. కానీ ఫోమ్ రెక్క మీద పడే భారం మాత్రం నాలుగింతలూ పడుతుంది.

50 ఫ్యాన్‌తో నా మూడో విమానం ఇలా తూగింది: గ్లైడర్ 172, మోటర్‌తో కలిపి ఫ్యాన్ 68, 40 ఆంపియర్ల ఈఎస్‌సీ 34, 3ఎస్ 1300 బ్యాటరీ 116, వైర్లతో సహా మూడు సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటర్లు) 36, రిసీవర్ 10, రెక్కలో బద్దలూ గ్లూ టేపూ ఫ్యాన్ తొడుగూ అన్నీ కలిపి 34. మొత్తం 470. చదరపు డెసిమీటరుకు 34 గ్రాములు, స్టాల్ వేగం గంటకు సుమారు 30 కిలోమీటర్లు. ఇది చేత్తో విసరగలిగే వేగం. నా మాట విని 500 దాటనివ్వకు. హాట్ గ్లూ ఒక్కటే ఎంత బరువు తింటుందో నువ్వు నమ్మవు. రెండో విమానానికి మూడు కడ్డీలు వాడేశాను. కడ్డీని ముందూ తర్వాతా తూచాక గానీ నాకు బుద్ధి రాలేదు.

ఫ్యాన్ ఎందుకింత కరెంటు తింటుందో కూడా తెలుసుకో, లేకపోతే బ్యాటరీ పెద్దది పెట్టాలని చెయ్యి లాగుతుంది. 50 మి.మీ. ఫ్యాన్‌లో నడిమి బొడిపె తీసేస్తే గాలి పోయే జాగా దాదాపు 1650 చదరపు మిల్లీమీటర్లు, అగ్గిపెట్టె మూత కన్నా చిన్నది. అందులోంచి 300 గ్రాముల థ్రస్ట్ రావాలంటే గాలి సెకనుకు 38.5 మీటర్ల వేగంతో వెనక్కి పోవాలి, గంటకు దాదాపు 139 కిలోమీటర్లు. నష్టాలేమీ లేవనుకున్నా ఆ గాలికి 57 వాట్లు ఇవ్వాలి. అదే 300 గ్రాములు 6 అంగుళాల ప్రొపెల్లర్‌తో ఐతే అదే లెక్కలో 24 వాట్లు. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే చౌక, కొంచెం గాలిని గట్టిగా తోస్తే ఖరీదు. ఇవి గాలికి చేరే వాట్లు మాత్రమే. మోటర్, బ్లేడ్లు, గొట్టం తినే వాటా కలిపితే నాది పూర్తి థ్రాటిల్‌లో 21 ఆంపియర్లు లాగుతుంది. 1300 బ్యాటరీలో 80 శాతమే వాడుకోవాలి కాబట్టి పూర్తి థ్రాటిల్‌లో మూడు నిమిషాలు. ఈడీఎఫ్ పెట్టేది శబ్దం కోసం, అందం కోసం. లాభం కోసం ఎవరూ పెట్టరు. అది ఒప్పుకుని మొదలుపెడితే మనసు ప్రశాంతంగా ఉంటుంది.

థ్రస్ట్ విషయంలో ప్యాకెట్ మీద అంకెను నమ్మకు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన 50 ఫ్యాన్‌కు 480 గ్రాములని రాసి ఉంది. నా కాటా మీద నిండు ఛార్జింగ్‌తో 340 చూపించింది, ఒక నిమిషం నడిచాక 300కి దిగింది. నువ్వూ కొలుచుకో, పెద్ద పనేం కాదు. రెండు చెక్క పట్టీలు, ఒక్కోటి 25 సెంటీమీటర్లు, ఎల్ ఆకారంలో గట్టిగా బిగించు. మూల దగ్గర రంధ్రం చేసి మేకు దూర్చి, బల్లకు కొట్టిన దిమ్మెకు తగిలించు, వదులుగా ఊగాలి. నిలువు పట్టీ పైన ఫ్యాన్ కట్టు. అడ్డ పట్టీ కొస కాటా మీద ఆనాలి. ఫ్యాన్ ముందుకు తోస్తే అడ్డ పట్టీ కాటాను కిందికి నొక్కుతుంది. రెండు చేతులూ సమానం కాబట్టి కాటా మీద అంకే థ్రస్ట్. మూల నుంచి ఫ్యాన్ నడిమికీ, మూల నుంచి కాటాను తాకే చోటికీ దూరాలు ఒకటేనా అని టేపు పెట్టి చూసుకో. మోటర్ ఆపి కాటాను సున్నాకు తెచ్చాకే నడుపు. ఫ్యాన్‌కు పక్కన, అంటే బ్లేడ్లు తిరిగే వరసలో మొహం పెట్టకు. విరిగిన ముక్క ఎగిరేది అటే.

300 వస్తే 470 గ్రాముల విమానానికి చాలుతుందా అంటావు. చాలుతుంది. వీపున గొట్టం మోస్తున్న ఈ గ్లైడర్‌కు గాలి నిరోధం బరువులో ఏడో వంతు అనుకో, 67 గ్రాములు. గాల్లో వేగం మీద ఫ్యాన్ థ్రస్ట్ తగ్గి 250 అయిందనుకో. మిగిలిన 183 గ్రాములతో 20 డిగ్రీలకు పైగా వాలులో ఎక్కుతుంది. నిట్టనిలువుగా పోదు, పోవాల్సిన పనీ లేదు. సాఫీగా తిరుగుతున్నప్పుడు సగానికి కొంచెం పైన థ్రాటిల్ చాలు, ఐదు నిమిషాలు ఎగరొచ్చు.

ఇక ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది. వీపు మీదే. కడుపు కింద పెడితే గాలి బాగా వస్తుంది గానీ మన నేలల్లో దిగిన మొదటి రోజే రాళ్లు మింగుతుంది. వీపు మీద పెట్టడంలో ఒక చిక్కుంది. థ్రస్ట్ సీజీకి (విమానం బరువు సమంగా నిలిచే చోటుకు) పైన పడుతుంది కాబట్టి థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా ముక్కు కిందికి తోస్తుంది. నా రెండో విమానంలో టెన్షన్ అంతా ఇదే. ఫ్యాన్‌ను స్టాండు మీద 6 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టాను, చూడ్డానికి చాలా బాగుంది. ఎత్తు పెరగాలని థ్రాటిల్ ఇస్తే కిందికి దిగేది, దిగుతుంటే ఇంకా ఇచ్చేవాణ్ని. వెనక గొట్టం కొసను పైకి లేపితే సరిపోతుందని చాలామంది చెప్తారు. ఫ్యాన్ సీజీకి 10 సెంటీమీటర్లు వెనక ఉంటే, 5 డిగ్రీలు లేపినా ఆ 6 సెంటీమీటర్లు 5కు తగ్గుతాయి, అంతే. పూర్తిగా పోవాలంటే 30 డిగ్రీలు వంచాలి, అది కుదరదు. కాబట్టి ఎత్తే తగ్గించు. ఫోమ్‌లో జీనులా గుంట తీసి ఫ్యాన్‌ను సగం దించు, 3.5 సెంటీమీటర్లకు వస్తుంది. వెనక 3 డిగ్రీలు లేపు. మిగిలింది ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ నుంచి ఎలివేటర్‌కు చిన్న మిక్స్ (థ్రాటిల్ ఇస్తే ఎలివేటర్ తనంతట తానే కొంచెం కదిలే అమరిక) పెట్టి సరిచెయ్యి. గుంట తీసేటప్పుడు రెక్క అతుకును మాత్రం కోయకు.

ఫ్యాన్ ముందు మూతి గురించి ఇంకొంచెం చెప్పాలి, నేను చేసినట్టే అందరూ ఇక్కడ చెడగొట్టుకుంటారు. ఫ్యాన్‌తో పాటు గుండ్రంగా బయటికి వంగిన ఒక రింగు వస్తుంది, బాకా మూతిలాగా. అదేదో అలంకారం అనుకుని నేను రెండో విమానానికి కోసేశాను, తొడుగు సన్నగా నిజం జెట్‌లా కనబడుతుందని. విమానం నిలకడగా ఉన్నప్పుడు ఫ్యాన్ గాలిని ముందు నుంచే కాదు, పక్కల నుంచి, వెనక నుంచి కూడా లాక్కుంటుంది. ఆ గాలి పదునైన అంచు చుట్టూ తిరగలేక గోడను వదిలేసి సుడి తిరుగుతుంది, బ్లేడ్ల కొసలకు మంచి గాలి అందదు. మళ్లీ ఎల్ పట్టీ మీద పెట్టి చూస్తే 340 కాస్తా 290. కోసింది రెండు గ్రాముల ప్లాస్టిక్, పోయింది 50 గ్రాముల థ్రస్ట్. రింగు పోగొట్టుకుంటే కూల్‌డ్రింక్ సీసాతో చేసుకోవచ్చు. చెక్కతో ఆ ఆకారంలో అచ్చు తయారు చేసి, సీసా ముక్కను దానికి తొడిగి వేడిగాలి కొడితే ముడుచుకుని అచ్చుకు అంటుకుంటుంది. మందం ఉన్న సీసా తీసుకో. పలచని ఓహెచ్‌పీ షీట్‌తో, అంటే కాగితంలాంటి పారదర్శక ప్లాస్టిక్‌తో, మూతి చేస్తే ఫ్యాన్ లాగే లాగుడుకు లోపలికి నలిగి బ్లేడ్లలో పడుతుంది. అదీ చూశాను.

వెనక గొట్టానికి మాత్రం ఓహెచ్‌పీ షీటే మేలు, లోపలి నుంచి గాలి బయటికి తోస్తుంది కాబట్టి గుండ్రంగానే నిలబడుతుంది. కొస ఎంత ఉండాలంటే, ఫ్యాన్ గాలి జాగా 1650 చదరపు మిల్లీమీటర్లు అన్నాం కదా, అంతే జాగా ఉంచితే కొస వ్యాసం 46 మి.మీ., 90 శాతానికి బిగిస్తే 43.5. వేగం కావాలనుకునేవాళ్లు బిగిస్తారు. నీది నెమ్మదిగా పోయే గ్లైడర్, పైగా చేత్తో విసురుతావు, నీకు కావాల్సింది మొదటి రెండు సెకన్ల థ్రస్ట్. 45 పెట్టు. గొట్టం పొడుగు ఏడెనిమిది సెంటీమీటర్లు చాలు.

బిగించే ముందు ఫ్యాన్ బ్యాలెన్స్ చూడు. 4500 కేవీ (వోల్టుకు నిమిషానికి 4500 చుట్లు) మోటర్ 3ఎస్ మీద, భారం పడ్డాక కూడా నిమిషానికి 38,000 చుట్లు తిరుగుతుంది. నడిమి నుంచి 20 మి.మీ. దూరంలో 0.05 గ్రాముల తేడా ఉంటే, అంటే టేపు తునక అంత, ఆ వేగంలో అది కిలోన్నర పైబడి బరువుతో చుట్టూ లాగుతుంది. సెకనుకు 630 సార్లు! బేరింగులు ఎన్నాళ్లుంటాయి, గ్లూ ఎన్నాళ్లు పడుతుంది? రోటర్‌ను, అంటే తిరిగే బ్లేడ్ల చక్రాన్ని, సన్నటి ఇరుసుకు గుచ్చి, ఆ ఇరుసును రెండు షేవింగ్ బ్లేడు అంచుల మీద పెట్టి ఏ వైపు కిందికొస్తుందో చూడు, ఎదురు వైపు బొడిపె లోపల టేపు ముక్క అంటించు. శబ్దమే చెప్తుంది: సరిగా ఉంటే సన్నటి ఈల, తేడా ఉంటే మిక్సీలో చెంచా పడినట్టు. గాలి వెనక్కి వస్తోందో లేదో కూడా అప్పుడే చూడు. ముందుకొస్తుంటే మోటర్ మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చు.

వైర్ల దగ్గర ఒక్క జాగ్రత్త. బ్యాటరీ ముక్కులో ఉంటుంది, ఫ్యాన్ వెనక ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒకచోట వైర్లు పొడిగించక తప్పదు. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య పొడిగించకు. అక్కడ వైరు పొడుగైతే ఈఎస్‌సీ కరెంటును తెంచి తెంచి ఇచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరి దాని కెపాసిటర్లను కొడుతుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది. ఈఎస్‌సీని బ్యాటరీ పక్కనే ఉంచి, మోటర్ వైపు మూడు వైర్లూ పొడిగించు. ముక్కులో ఇరుక్కుంటే ఈఎస్‌సీకి గాలి ఆడదు, అందుకని ముందు వేలు పట్టేంత రంధ్రం, వెనక దానికి రెండింతల రంధ్రం కొయ్యి.

ముక్కులో ఇనుప ముక్క తీసేశానన్నాను కదా, నువ్వూ తీసెయ్. ఫ్యాక్టరీలో పెట్టేది అది సీజీ కోసమే. దాని జాగాలో బ్యాటరీ వస్తుంది. సీజీ రెక్క ముందు అంచు నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర పెట్టి మొదలుపెట్టు. ఫ్యాన్ సీజీకి వెనక ఉంటుంది కాబట్టి బ్యాటరీ అనుకున్న దానికన్నా ముందుకు పోతుంది. గుంట తవ్వకముందే అన్నీ టేపుతో అంటించి రెండు వేళ్ల మీద నిలబెట్టి చూడు. తవ్విన ఫోమ్ తిరిగి రాదు.

రెక్కకు బలం కావాలి. విసిరే గ్లైడర్ రెక్క ఉత్తదే వంగుతుంది, దాని మీద ఇప్పుడు దాదాపు మూడింతల బరువు. 3 మి.మీ. కార్బన్ గొట్టం కింది వైపు గాడి తీసి పెడితే తిరుగులేదు. దొరక్కపోతే వెదురు వాడు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా ఊళ్లో బుట్టలల్లే మేదరవాళ్ల దగ్గర గణుపులు తక్కువున్న బద్ద అడిగి తెచ్చుకున్నాను. పైతోలు వైపు ఉంచి, లోపలి మెత్తని భాగం గీకేస్తే 4 మి.మీ. వెడల్పున గట్టిగా, తేలిగ్గా ఉంటుంది. నా మూడో విమానంలో ఉన్నది అదే. గ్లూ మాత్రం ముందు తునక ఫోమ్ మీద ఒక చుక్క వేసి చూడు. తెల్లటి థర్మోకోల్ ఐతే ఫెవిక్విక్‌కు కరిగిపోతుంది, ఈ గ్లైడర్లలో వాడే సాగే ఫోమ్ సాధారణంగా తట్టుకుంటుంది.

కంట్రోళ్లలో రడర్ (తోక మీది నిలువు పలక) వదిలెయ్, ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలు) రెండు, ఎలివేటర్ ఒకటి. ప్రొపెల్లర్ ముక్కున ఉన్న విమానంలో థ్రాటిల్ ఇవ్వగానే తోక మీద గాలి పడుతుంది, నీ ట్రైనర్‌లో అది నీకు అలవాటై ఉంటుంది. ఇందులో పడదు. వేగం ఉంటేనే తోక మాట వింటుంది. ఐలరాన్లు పైకీ కిందికీ 10 మి.మీ., ఎలివేటర్ 8, ఎక్స్‌పో (కర్ర నడిమిలో ఉన్నప్పుడు కదలికను మెత్తబరిచే అమరిక) 30 శాతం.

మీ కడప ఎండ లెక్కలోకి తీసుకో. 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత ప్రామాణిక లెక్క కన్నా పదో వంతు తక్కువ ఉంటుంది. ఫ్యాన్ అవే చుట్లు తిరిగినా థ్రస్ట్ పదో వంతు తగ్గుతుంది, రెక్క తేలడానికి వేగం ఐదు శాతం ఎక్కువ కావాలి. రెండూ నీకు ఎదురే. పొద్దున ఆరూ ఆరున్నరకు వెళ్లు, గాలి కూడా పడి ఉంటుంది. మాకైతే ఆషాఢం గాలి మొదలైతే రెండు నెలలు ఇలాంటి తేలిక విమానాలు అటక మీదే. లైపో బ్యాటరీని బండి డిక్కీలో ఎండలో వదలకు, ఉబ్బుతుంది. ఎగరేయని రోజుల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచు.

జాగా విషయం కడపలో జాగ్రత్తగా చూడాలి, ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గర్లోనే ఉంది. 2021 డ్రోన్ రూల్స్ నీ విమానానికీ వర్తిస్తాయి. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో 200 అడుగుల వరకే గ్రీన్ జోన్ (అనుమతి అడగక్కర్లేని ఆకాశం), అంతకన్నా దగ్గరైతే అనుమతి లేకుండా కుదరదు. 12 దాటాక గ్రీన్ జోన్‌లో 400 అడుగులు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో నువ్వు అనుకున్న చేను ఏ రంగులో ఉందో ఇంట్లోనే చూసుకుని బయల్దేరు. ఈ సైజు విమానం 200 అడుగులు దాటితే ఏ వైపు తిరిగి ఉందో కంటికి ఆనదు, కాబట్టి అది పెద్ద నష్టం కాదు. పొదలూ గడ్డీ ఉన్న బీడు ఐతే మేలు. పెన్నలో నీళ్లు లేనప్పుడు ఇసుక మెత్తగా ఉంటుందని అక్కడికి వెళ్లాలనిపిస్తుంది, వద్దు. ఇసుక ఎక్కడికి దూరకూడదో అక్కడికే దూరుతుంది.

విసిరేటప్పుడు ఇంకొకర్ని తోడు తీసుకెళ్లు, నీ రెండు చేతులూ ట్రాన్స్‌మిటర్ మీదే ఉండాలి. వాళ్లు రెక్క కింద, సీజీ దగ్గర పట్టుకోవాలి, చెయ్యి పైకెత్తి ఫ్యాన్ మూతి దగ్గరికి పోనివ్వకూడదు. మెడలో తువ్వాలు, ఐడీ కార్డు తాడు ఉంటే తీసేయమను. గాలికి ఎదురుగా నిలబడి, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి రెండు సెకన్లు ఆగు. ఫ్యాన్ ప్రొపెల్లర్‌లా వెంటనే అందుకోదు, ఈల పైస్థాయికి వెళ్లి నిలబడ్డాకే వదలమని చెప్పు. నేలకు సమాంతరంగా వదలాలి. ఆకాశంలోకి రాయి విసిరినట్టు ముక్కు పైకెత్తి విసిరితే నా మొదటి విమానం గతే. గంటకు పది కిలోమీటర్ల ఎదురు గాలి ఉంటే స్టాల్ వేగంలో మూడో వంతు ఊరికే వచ్చినట్టు. చేతి బలం మీద నమ్మకం లేకపోతే 5 మీటర్ల రబ్బరు ట్యూబుకు 10 మీటర్ల నైలాన్ తాడు కట్టి, సీజీకి కొంచెం ముందు కడుపు కింద కొక్కెం పెట్టి లాగి వదులు. కొక్కెం జారాక థ్రాటిల్ ఇవ్వు.

వదిలాక మొదటి ఐదు సెకన్లు ఎలివేటర్ లాగకు. వేగం పుంజుకోనీ, తర్వాత ఎక్కించు. తలెత్తు ఎత్తులోనే పోతున్నా భయపడకు.

దిగేటప్పుడు, టైమర్ నాలుగు నిమిషాలకు పెట్టుకో. ఆగిన ఫ్యాన్ గాలికి అడ్డం కాబట్టి పాత గ్లైడర్‌లా దూరం తేలుతుందనుకోకు, బాగా వాలుగా దిగుతుంది. చివర్లో థ్రాటిల్ ఇచ్చి కాపాడుకుందామంటే ఫ్యాన్ అందుకునేలోపే నేల వచ్చేస్తుంది. అందుకని మూడో వంతు థ్రాటిల్‌తోనే కిందికి తెచ్చి, మోకాలెత్తుకు వచ్చాక పూర్తిగా తీసెయ్. కడుపుకు పాత పెయింట్ డబ్బా ప్లాస్టిక్ ముక్క ఒకటి అంటిస్తే ఫోమ్ అరగదు.

ఈ వారంలో ఫ్యాన్ ఆర్డర్ పెట్టకు. ముందు గ్లైడర్‌ను, ఆ ఇనుప ముక్కను విడివిడిగా తూచి, రెక్క వెడల్పు మొదట్లో ఎంతుందో కొసలో ఎంతుందో కొలిచి నాకు రాయి. నీ గ్లైడర్ 200 గ్రాములు దాటితే 1300 బదులు 1000 బ్యాటరీకి దిగాలి, ఆ లెక్క అప్పుడు కూర్చుని వేద్దాం.